అరకు రాయి, అమెరికా కొండ

ఏమర్రా, ఈ శనివారం షెనండోవా పార్కులో బిగ్ మెడోస్ దగ్గర టెంటు వేస్తున్నారటగా! మీ నాన్న గరాజ్‌లోంచి సామానంతా దింపి డెక్ మీద ఎండబెడుతుంటే పొద్దుట్నించీ చూస్తూనే ఉన్నాను. ఇలా రండి, ఫోన్లు లోపల పెట్టేసి నా పక్కన కూర్చోండి. బుజ్జమ్మా, ఆ మరమరాల గిన్నె ఇటు జరుపు తల్లీ. మీరెళ్లే కొండ గురించి నాలుగు కబుర్లు చెప్తాను. ముందే విని ఉంటే అక్కడ ప్రతి రాయీ, ప్రతి చెట్టూ మిమ్మల్ని పేరుపెట్టి పిలుస్తుంది.

మన హెర్న్‌డన్ నించే మొదలుపెడదాం. ఊరి నడిబొడ్డున, మీరు సైకిళ్లు తొక్కే దారి పక్కన పాత రైలు డిపో ఉంది చూశారూ? 1850ల చివర్లో అక్కడికి రైలు వచ్చింది. 1900లో ఆ పట్టాలు బ్లూరిడ్జ్ కొండల పాదం దాకా వెళ్లాయి. ఆ పల్లె పాత పేరు స్నికర్స్‌విల్. రైలు రాగానే దాన్ని బ్లూమాంట్ అని మార్చేసుకున్నారు. అప్పుడు ఏసీలు లేవు కదా! వాషింగ్టన్‌లో జూలై ఉక్కకి తట్టుకోలేని వాళ్లు పెట్టెలు సర్దుకుని రైలెక్కి, మన ఊరి మీదుగానే ఆ కొండల చల్లదనానికి పరిగెత్తేవాళ్లు. 1968లో రైలు ఆగిపోయింది. పట్టాలు పీకేసిన చోటే మీ సైకిలు దారి వచ్చింది. అటు ఆర్లింగ్టన్ నించి ఇటు పర్సెల్‌విల్ దాకా 45 మైళ్లు. అంటే రోజూ సాయంత్రం నేను నడిచేది కొండకి పోయే పాత దారి మీదే. అది తెలిసినప్పట్నించీ ఆ నడక నాకు మరీ ఇష్టమైపోయింది.

లీస్‌బర్గ్ దాటి పడమటికి పోతుంటే ఆకాశం అంచున నీలపు గీత ఒకటి కనిపిస్తుంది. అదే బ్లూరిడ్జ్. తీరా దగ్గరికెళ్తే అన్నీ పచ్చటి చెట్లే. మరి దూరానికి ఆ నీలం ఎక్కణ్ణించి వచ్చింది? సగం పని గాలిది. ఎండలో ఉన్న రంగుల్లో ఎరుపు తిన్నగా పోతుంది, నీలం మాత్రం గాలికి తగిలి నలుదిక్కులా చెదిరిపోతుంది. మీకూ కొండకీ మధ్య మైళ్లకొద్దీ గాలి ఉంటే, అది చెదరగొట్టిన నీలమంతా మీ కంట్లో పడుతుంది. విజయనగరం మీదుగా రైల్లో పోతుంటే మన తూర్పు కనుమలు నీలంగా కనబడేదీ ఇందుకే. మిగతా సగం చెట్ల పని. ఓక్ చెట్టు బాగా ఎండకాసే వేళ ఆకుల్లోంచి ఐసోప్రీన్ అనే ఆవిరి వదులుతుంది. ఆకు వేడికి చెడిపోకుండా అది కాపు కాస్తుందని శాస్త్రజ్ఞులు అంటారు. ఆ ఆవిరి గాలిలో కలిసి, మార్పు చెంది, కంటికి ఆనని నలుసులవుతుంది. అవి మరీ సన్నం కాబట్టి అవి కూడా నీలాన్నే ఎక్కువ చెదరగొడతాయి. ఈ సంగతి మీద ఫ్రిట్స్ వెంట్ అనే వృక్షశాస్త్రవేత్త 1960లో నేచర్ పత్రికలో రాశాడు. కాబట్టి కొండ నీలంగా ఉందంటే, అక్కడ లక్షలాది ఆకులు ఆ క్షణాన ఎండతో పని చేస్తున్నాయన్నమాట. నాకైతే ఈ ముక్క తెలిశాక ఆ నీలం రెట్టింపు అందంగా కనపడింది.

చంటిగాడు మొన్న ఓ మంచి ప్రశ్న వేశాడు. పైకి పోతే సూర్యుడికి దగ్గరవుతాం కదా, వేడెక్కాలి గాని చలి ఎందుకేస్తుంది తాతయ్యా అని. ఒరే నాన్నా, సూర్యుడు మనకి 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. నువ్వు ఎక్కేది ఒక్క కిలోమీటరు. ఆయనకి అది లెక్కలోకే రాదు. అసలు గాలి నేరుగా ఎండకి పెద్దగా వేడెక్కదు. ఎండ నేలని కాలుస్తుంది, నేల గాలిని వేడెక్కిస్తుంది. ఆ వేడిగాలి పైకి లేస్తుంది. పైన దాన్ని అదిమిపెట్టే గాలి తక్కువ, అందుకని అది విచ్చుకుంటుంది. విచ్చుకోవడానికి సత్తువ కావాలి, ఆ సత్తువ తన వేడిలోంచే ఖర్చుపెడుతుంది, చల్లబడిపోతుంది. సైకిలు పంపు గబగబా కొడితే గొట్టం చుర్రుమంటుందే, ఇది దానికి తిరగేసిన కథ. లెక్క కావాలంటే, ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు 3.5 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుంది. మన హెర్న్‌డన్ సముద్రమట్టానికి దాదాపు 400 అడుగుల ఎత్తు. బిగ్ మెడోస్ 3,500. ఇక్కడ 70 ఉంటే అక్కడ 60కి అటూ ఇటూ. లంబసింగి గురించి చెప్పానుగా, డిసెంబరు తెల్లవారుజామున గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది, నర్సీపట్నం దిగేసరికి స్వెట్టరు విప్పేస్తారు. అక్కడా ఇక్కడా గాలి చదువుకున్న బడి ఒకటే.

నమ్మకపోతే పరీక్ష చేసి చూడండి. చిప్స్ ప్యాకెట్టు ఒకటి విప్పకుండా ముందు సీటు మీద పెట్టుకోండి. కొండ కింద, పార్కులోకి దూరే ఫ్రంట్ రాయల్ గేటు దగ్గర నొక్కి చూడండి, బిగ్ మెడోస్‌లో మళ్లీ నొక్కండి. పొట్ట బిర్రుగా ఉబ్బి ఉంటుంది. లోపల ఉన్నది కింద నింపి బిగించిన గాలి. బయట పల్చబడింది కొండగాలి. పందెంలో లోపలిదే గెలిచింది.

పార్కులో కొండల మీదుగా మీరు పోయే రోడ్డు పేరు స్కైలైన్ డ్రైవ్, మొత్తం 105 మైళ్లు. వేగం 35 మైళ్లు దాటకూడదు. నాన్నతో చెప్పండి, తొందరపడద్దని. ఒక్క రోజులో పదిహేను వ్యూపాయింట్ల దగ్గర దిగి, పదిహేను ఫొటోలు తీసుకుని వచ్చేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. ఒక్క చోట దిగండి. గంటసేపు కూర్చోండి. నీడ ఎలా జరుగుతుందో, డేగ ఒక్క రెక్క కూడా కొట్టకుండా వేడిగాలి మీద ఎలా పైకి తేలుతుందో చూడండి. అదే అసలు యాత్ర.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి చెప్తాను. 32వ మైలు దాటగానే రోడ్డు కొండలోకి దూరుతుంది. దాన్ని మేరీస్ రాక్ సొరంగం అంటారు. 1932లో తొలిచారు, 600 అడుగులకు పైగా ఉంటుంది. అది తొలిచిన రాయి వయసు ఎంతనుకున్నారు? నూరు కోట్ల సంవత్సరాల పైచిలుకు. ఆనాటికి చెట్టు లేదు, చేప లేదు, నేల మీద గడ్డిపోచైనా లేదు. ఓల్డ్ రాగ్ అని బండల మీద పాకుతూ ఎక్కే కొండ ఉందే, దాని రాయి కూడా ఆ వయసుదే. (దానికి ముందే టికెట్టు కొనుక్కోవాలేమో చూసుకోమని నాన్నకి గుర్తుచేయండి.) ఈ రాళ్లు పుట్టింది ఎండలో కాదు. భూమి లోపల, మైళ్ల లోతున, మహా వేడిలో, మహా బరువు కింద. ఆ కాలంలో భూమి మీద ఖండాలన్నీ ఒకదానికొకటి ఢీకొని ఒక్క ముద్దగా చేరుతున్నాయి. ఆ మహాఖండానికి శాస్త్రజ్ఞులు రొడీనియా అని పేరు పెట్టారు. ఢీకొన్న చోటల్లా లోపల రాయి ఉడికింది, పైన కొండలు లేచాయి.

ఇక వినండి. అదే కాలంలో, అదే సందడిలో, మన తూర్పు కనుమలు కూడా అలాగే లోతున ఉడికి తయారయ్యాయి! అప్పుడు మనవి ఈ వర్జీనియాకి పక్కన లేవులే. అంటార్కిటికాకి ఆనుకుని ఉన్నాయి. ఇరుగుపొరుగు కాకపోయినా ఈడూ జోడూ ఒకటే, పెరిగిన తీరూ ఒకటే. మీకు గుర్తుందా, అరకు రైలు సొరంగాల్లోంచి పోతుంటే కిటికీ పక్కన నల్లగా, జిడ్డు మెరుపుతో కనపడే రాళ్లు? మన కనుమల్లో విరివిగా దొరికే చార్నొకైట్ ఆ జాతిది. ఈ షెనండోవా కొండల అడుగు రాళ్లలో కూడా చార్నొకైట్లు ఉన్నాయి. అరకులో చూసిన రాయికి ఈడైన రాయిని మీరు శనివారం అమెరికాలో తడిమి చూడబోతున్నారు!

ఆ పేరు వెనక కూడా తమాషా కథ ఉంది. కలకత్తాలో జాబ్ చార్నాక్ అని ఈస్టిండియా కంపెనీ ఆయన ఉండేవాడు, 1690ల్లో చనిపోయాడు. సమాధి మీద పలక వేయడానికి మద్రాసు వైపు నించి నల్లరాయి తెప్పించారు. రెండు వందల ఏళ్లు గడిచాక థామస్ హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ జాతి రాయిని పరీక్షించి, ఈ రకానికి ఇంతవరకూ పేరు లేదే అనుకుని ఆ చార్నాక్ పేరే పెట్టాడు. అలా కలకత్తా సమాధి రాయి పేరు వర్జీనియా కొండల పటాల్లోకి కూడా ఎక్కింది. విజ్ఞానం ఊళ్లు ఎలా తిరుగుతుందో చూశారా!

మరి అంత పెద్ద వయసు కొండ మూడు, నాలుగు వేల అడుగులే ఎందుకుంది? హిమాలయం చూడబోతే ఐదు కోట్ల ఏళ్ల పసిపిల్ల, 29 వేల అడుగులు. ఈ కొండలు కూడా ఒకప్పుడు ఎత్తుగానే ఉండేవి. 30 కోట్ల ఏళ్ల కిందట ఆఫ్రికా వచ్చి ఇక్కడ గుద్దుకున్నప్పుడు ఆల్ప్స్ అంత, బహుశా అంతకంటే ఎక్కువ ఎత్తు లేచాయి. ఆ తర్వాత వాన, మంచు, గాలి, చెట్ల వేళ్లు. మా అమ్మమ్మగారింట్లో రుబ్బురోలు ఉండేది. ఒక్కరోజు పప్పు రుబ్బితే రాయి ఏం అరుగుతుంది? ఏమీ కనపడదు. కానీ అమ్మమ్మ అత్తగారు, ఆవిడ అత్తగారు రుబ్బీ రుబ్బీ రోలు లోపల అద్దంలా నున్నబడి, పొత్రం ఓ పక్కకి ఒరిగిపోయింది. కొండ కూడా అంతే. ఈ వైపు కొండలు అరిగే లెక్క సుమారుగా నూరేళ్లకి ఒక మిల్లీమీటరు. మీ గోరు మందం కన్నా కాస్త ఎక్కువ, అంతే. మీ ముత్తాత పుట్టినప్పటికీ ఇప్పటికీ ఆ కొండ అంతే తగ్గింది. కానీ కోట్ల ఏళ్లు వేసి గుణించండి, పర్వతాలకు పర్వతాలే కొట్టుకుపోతాయి. ఆ మట్టంతా వాగుల్లో దిగి, నదుల్లో కలిసి తూర్పున తీరమైదానాల్లో పరుచుకుంది.

ఓపికుంటే 10వ మైలు దగ్గర దిగి కాంప్టన్ పీక్ ఎక్కండి. పైన ఓ పక్క బండ కిందికి దిగి చూస్తే రాయంతా పలకలు పలకలుగా, ఐదు మూలలూ ఆరు మూలలూ ఉన్న స్తంభాలు కట్టగట్టినట్టు ఉంటుంది. అది 57 కోట్ల ఏళ్ల నాటి లావా. ఎండాకాలం చెరువు అడుగున నెర్రెలు చూశారుగా? బురద ఆరుతూ ముడుచుకుపోతుంది, ముడుచుకుంటే చిట్లుతుంది, చిట్లినప్పుడు ఎక్కువగా ఐదారు మూలల బిళ్లలే అవుతాయి. లావా చల్లారుతూ ముడుచుకున్నప్పుడు కూడా ఆ సూత్రమే. బిగ్ మెడోస్ అంత చదునుగా ఉండటానికి కారణం కూడా ఆ లావా పొరలే. ఒకదాని మీద ఒకటి పరుచుకున్నాయి. కొండ నెత్తిన మైదానం ఏమిటా అని ఆశ్చర్యపోకండి. మీ టెంటు కింద ఉన్నది పాత నిప్పుల ఏరు.

నడిచేటప్పుడు అడవి మధ్యలో రాతిగోడ కనిపిస్తుంది. ఒంటరి పొయ్యి గొట్టం కనిపిస్తుంది, ఎవరూ పట్టించుకోని ఆపిల్ చెట్టు కనిపిస్తుంది. అవి ఇళ్లు. ఈ పార్కు 1935 డిసెంబర్ 26న ఏర్పడింది. అంతకు ముందు ఇక్కడ పొలాలు, పశువుల మేత బీళ్లు, పల్లెలు. పార్కు కోసం వర్జీనియా ప్రభుత్వం చట్టం చేసి భూములు తీసుకుంది. ఐదువందల దాకా కుటుంబాలు కొండ దిగాల్సి వచ్చింది. దాని బాధ ఏమిటో శ్రీశైలం నీళ్ల కింద ఊళ్లు పోగొట్టుకున్న మన వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. సమాధులు ఇంకా అక్కడే ఉన్నాయి, ఎదురైతే కాస్త ఆగండి. మీరు కూర్చునే రాతి పిట్టగోడలు కట్టింది సీసీసీ, అంటే సివిలియన్ కన్జర్వేషన్ కోర్ కుర్రాళ్లు. 1933లో పనుల్లేక అల్లాడుతున్న రోజుల్లో ప్రభుత్వం వాళ్లకి నెలకి 30 డాలర్లిచ్చి, అందులో 25 ఇంటికి పంపించేది. ఇంకో మాట కూడా తెలియాలి మీకు. 57వ మైలు దగ్గర లూయిస్ మౌంటెన్ క్యాంపు ఉంది. 1939లో దాన్ని తెరిచినప్పుడు నల్లవాళ్లకి విడిగా కేటాయించిన చోటు అది. అంత చల్లటి గాలిలో కూడా మనుషుల్ని వేరు చేశారు. ఇప్పుడు ఎవరైనా టెంటు వేసుకోవచ్చు. ఆ చోటి చరిత్ర తెలిసి వెయ్యాలి, అంతే.

ఇక రాత్రి సంగతి. అమ్మలూ, స్లీపింగ్ బ్యాగ్‌కి వేడి పుట్టించే విద్య ఏదీ లేదు. పొయ్యి మీ ఒళ్లే. బ్యాగు చేసేదల్లా దూదిలో గాలిని పట్టి ఉంచి, ఆ వేడిని పోనివ్వకపోవడం. మీరు పడుకోగానే కింద దూది నలిగిపోతుంది, గాలి పోతుంది, నేల మీ వేడి గుంజేస్తుంది. అందుకే కింద వేసుకునే ప్యాడ్ లేకుండా ఎంత ఖరీదైన బ్యాగులో దూరినా నడుము కింద చలి. మన గొర్రెలకాపరులు గొంగడి సగం కింద వేసుకుని సగం కప్పుకునేది ఇది తెలిసే.

టెంటు ఎక్కడ వెయ్యాలి? చలిగాలి బరువు. రాత్రయితే వాలు పట్టుకుని పల్లంలోకి దిగి అక్కడ నిలబడిపోతుంది. మా ఊళ్లో పొగమంచు ముందు చెరువు కింది మళ్లలోనే కమ్ముకునేది. కాబట్టి గుంటలో వెయ్యకండి, కొంచెం మెరకన వెయ్యండి. ఇంకొకటి, ఆరుబయట మంచం వేసుకుంటే తెల్లారేసరికి దుప్పటి చెమ్మగిల్లుతుంది, వేపచెట్టు కింద వేసుకుంటే తడవదు. చూశారా ఎప్పుడైనా? నేల రాత్రంతా తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. పైన చెట్టుంటే ఆ వేడిలో కొంత వెనక్కి వస్తుంది. అయితే పచ్చని చెట్టేనా ఎండిందా అని తల ఎత్తి చూసుకుని మరీ వెయ్యాలి. ఎందుకో తర్వాత చెప్తా. పొద్దున్న లేచేసరికి టెంటు లోపలి గుడ్డ తడిగా ఉంటే వాన కారిందని కంగారు పడకండి. ఒక్కో మనిషి రాత్రంతా వదిలే ఊపిరిలో గ్లాసుడు దాకా నీళ్లుంటాయి. నలుగురు పడుకుంటే నాలుగు గ్లాసులు. చల్లటి గుడ్డకి తగిలి అవన్నీ బొట్లవుతాయి. చలి అని జిప్పులన్నీ బిగించేయకుండా పైన కిటికీ కాస్త తెరిచి ఉంచండి.

మీ అమ్మ పులిహోర, పెరుగన్నం, ఆవకాయ సర్దుతోంది, బాగుంది. తిన్నాక గిన్నెలతో సహా అంతా కారులో పెట్టి తాళం వెయ్యాలి, లేదా క్యాంపులో ఇనప పెట్టెలుంటే వాటిలో. టెంటులో మాత్రం ఒక్క చెగోడీ ముక్క కూడా ఉండకూడదు. టూత్‌పేస్టు, సబ్బు కూడా బయటే. నల్ల ఎలుగుబంటి ముక్కుకి ఇవన్నీ అన్నమే. దూరంగా కాలినడకన వెళ్లి అడవిలో పడుకునేవాళ్లయితే సంచి నేలకి 10 అడుగుల ఎత్తున, చెట్టు మొదలుకి 4 అడుగుల ఎడంగా వేలాడదీయాలని పార్కు వాళ్ల నియమం. ఇది మన భద్రతకే అనుకోకండి, ఎలుగు భద్రతకి కూడా. ఒక్కసారి మనిషి తిండి రుచి మరిగిన ఎలుగు క్యాంపుల చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. చివరికి దాని ప్రాణం మీదికే వస్తుంది. పార్కు పెట్టిన కొత్తలో ఇక్కడ ఎలుగులు దాదాపు కనుమరుగైపోయాయి. చెట్లు పెరిగాయి, ఓక్ కాయలు రాలాయి, ఎలుగులు తిరిగొచ్చాయి, ఇప్పుడు వందల్లో ఉన్నాయి. ఎదురైతే పరిగెత్తకండి. గట్టిగా మాట్లాడుతూ మెల్లగా వెనక్కి నడవండి.

పెద్ద జంతువు కంటే చిన్నదే ఎక్కువ జాగ్రత్త పడాల్సింది. పిడుదులు! గేదెల చెవుల్లో పట్టుకుని ఉండేవే, వాటి చుట్టాలు. జింక పిడుదు కుడితే లైమ్ జబ్బు రావచ్చు. లోన్ స్టార్ పిడుదు కథ ఇంకా వింత. అది కుట్టిన కొందరికి మటన్, బీఫ్, పోర్క్ తింటే ఒళ్లంతా దద్దుర్లు. అది కూడా తిన్న వెంటనే కాదు, కొన్ని గంటల తర్వాత. దీని గుట్టు విప్పినవాళ్లు మన పక్కనే ఉన్న షార్లట్స్‌విల్‌లోని వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు. అందులో ముఖ్యుడు థామస్ ప్లాట్స్-మిల్స్. 2007లో ఆయనే ఈ కొండల్లో నడకకి వెళ్లి పిడుదుల చేత కుట్టించుకున్నాడు, కొన్ని నెలలకి గొర్రెమాంసం తింటే ఒళ్లు దద్దురెక్కింది. ఆయన తన ఒంటి మీదే రుజువు చూసుకున్నాడు! మీరు లేతరంగు ప్యాంట్లు వేసుకుని, అంచులు సాక్సులో దోపుకోండి. రాత్రి పడుకునే ముందు మోకాళ్ల వెనక, చెవుల వెనక, జుట్టులో అమ్మ చేత చూపించుకోండి. పట్టుకుని ఉంటే సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి తిన్నగా లాగేయాలి. కిరసనాయిలు, అగ్గిపుల్ల వైద్యాలు వద్దు.

హాక్స్‌బిల్ ఎక్కుతారేమో, 4,051 అడుగులు, పార్కులో అదే ఎత్తు. అక్కడ రాళ్లగుట్టల సందుల్లో షెనండోవా సాలమాండర్ ఉంటుంది. చూపుకి బల్లి, వరసకి కప్పకి చుట్టం. దానికి ఊపిరితిత్తులు లేవు! ఒళ్లు తడిగా ఉంచుకుని చర్మంతోనే గాలి పీలుస్తుంది. ప్రపంచం మొత్తం మీద ఈ పార్కులో మూడే మూడు శిఖరాల మీద ఉంది. కిందికి రాదు, వస్తే వెచ్చదనం, పైగా అక్కడ ఎర్రవీపు సాలమాండర్లు చోటివ్వవు. లోకం వేడెక్కితే మిగతా జీవాలు ఇంకా పైకి పోతాయి. ఇది ఇప్పటికే శిఖరం మీద ఉంది, ఇంకెక్కడికి పోతుంది? ఈ సంగతి తల్చుకుంటే నాకు దిగులుగా ఉంటుంది. రాళ్లు తిప్పి వెతకకండి. చేతికి రాసుకున్న దోమల మందు కూడా దాని ఒంటికి విషమే.

ఇందాక ఎండు చెట్ల మాట తర్వాత చెప్తానన్నానుగా. ఆసియా నించి వచ్చిన పచ్చటి మెరుపు పురుగు ఒకటుంది, 2002లో మిషిగన్‌లో పట్టుకున్నారు. దాని పిల్లపురుగులు యాష్ చెట్టు బెరడు కింద సొరంగాలు తవ్వి, నీళ్లు పైకి పోయే దారి తెంచేస్తాయి. పార్కులో యాష్ చెట్లు చాలావరకు నిలువునా ఎండిపోయాయి. గాలి వీస్తే అవి ఎప్పుడు విరిగి పడతాయో తెలీదు. ఇంటి పెరట్లోని కట్టెలు తీసుకుపోవద్దని, వేడి చేసి ముద్రవేసిన కట్టెలే తేవాలని నియమం ఉన్నది ఇందుకే. కట్టెతో పాటు పురుగు కూడా కారెక్కి వస్తుంది.

అంతకుముందు ఇంతకంటే పెద్ద ఘోరం జరిగింది. ఈ కొండల్లో అమెరికన్ చెస్ట్‌నట్ అనే మహావృక్షాలుండేవి. కొండ జనం వాటి కాయలు ఏరి సంతలో అమ్మి పిల్లలకి చెప్పులు కొనేవాళ్లు, పందుల్ని మేపేవాళ్లు, కలపతో ఇళ్లు కట్టేవాళ్లు. 1904లో న్యూయార్క్ బ్రాంక్స్ జూలో ఆ చెట్లకి ఓ బూజు తెగులు కనపడింది. ఆసియా నించి తెచ్చిన మొక్కలతో వచ్చింది. అక్కడి చెట్లకి దాని బాధ అలవాటే, ఇక్కడివాటికి కొత్త. నలభై యాభై ఏళ్లలో మూడు నాలుగు వందల కోట్ల చెట్లు పోయాయి. కానీ ఆ బూజు మట్టిలో ఉన్న వేళ్లని చంపలేదు! నేటికీ పాత వేళ్లలోంచి పిలకలు లేస్తున్నాయి. మనిషెత్తు, రెండు మనుషులెత్తు పెరుగుతాయి, మళ్లీ తెగులు తగులుతుంది, మళ్లీ పడిపోతాయి, మళ్లీ వేరు చిగురేస్తుంది. నూరేళ్లుగా ఇదే పని.

మీకు ఆ పిలక దొరకాలని నా కోరిక. ఆకు జానెడు పొడుగు, సన్నం. అంచున రంపపు పళ్లు, ఒక్కో పన్ను కొస కొక్కెంలా వంగి ఉంటుంది. అక్కడే చెస్ట్‌నట్ ఓక్ అని ఇంకోటి ఉంటుంది, ఆకు దాదాపు అలాగే ఉంటుంది గాని అంచున అలలే తప్ప పళ్లుండవు. వేలితో అంచు తడిమితే తెలిసిపోతుంది. తెంపకండి. ఫొటో తీసి, ఏ మైలురాయి దగ్గరో, బాట నించి ఎన్ని అడుగులో, మీ నడుముకి వచ్చిందో భుజానికి వచ్చిందో బుజ్జమ్మ పుస్తకంలో రాసుకురండి. వచ్చే వేసవికి నేనూ వస్తాను, టేపు పట్టుకెళ్లి అదే మొక్కని మళ్లీ కొలుద్దాం.